రెండడుగుల తొట్టిలో షార్క్ వద్దు, మన బోదెల్లో చేపల్ని చూడండి

సంపాదకుల వారికి నమస్కారం.

మీ ఆదివారం అనుబంధంలో ఇంట్లో అక్వేరియం పెట్టుకోవడం గురించి వచ్చిన వ్యాసం చదివాను. ఫిల్టరు, లైటు, నీళ్లు మార్చడం గురించి రాసినవన్నీ పనికొచ్చే సంగతులే. అయితే ‘అందరిళ్లలో ఉండే గోల్డ్ ఫిష్, గప్పీలు కాకుండా కాస్త వెరైటీగా’ అంటూ చివర వేసిన ఫొటోల్లో ఆస్కార్, అరోవానా, షార్క్ ఉన్నాయి. వాటి పక్కనే రెండడుగుల గాజు తొట్టి ఫొటో కూడా ఉంది. ఆ చేపలకూ ఆ తొట్టికీ పొత్తు కుదరదు. జూనియర్ కాలేజీలో జంతుశాస్త్రం చెప్పేదాన్ని, మా ల్యాబ్‌లోనూ ఇంట్లోనూ చిన్న తొట్లు నడుపుతున్నదాన్ని కాబట్టి ఈ విషయం వివరంగా రాయాలనిపించింది.

ముందు ఆ షార్క్ సంగతి. షాపుల్లో వేలెడంత పొడవుతో వెండిలా మెరుస్తూ, వీపున నిలువు రెక్కతో అచ్చం సినిమాలో సొరచేపలా తిరుగుతుంది. పిల్లలు దాన్ని చూస్తే ఇక వదలరు. అది సొరచేప కాదు. మన భీమవరం, ఆకివీడు, కైకలూరు చెరువుల్లో రైతులు పెంచే ఫంగస్ చేపే! లారీల కొద్దీ ఐసు వేసి ఇతర రాష్ట్రాలకు పంపుతున్నామే, అదే. మెకాంగ్ నది నుంచి వచ్చిన జాతి. చెరువులో కిలో, కిలోన్నర తూగేసరికి పట్టుబడి చేస్తారు కాబట్టి మనకు దాని పూర్తి సైజు తెలియదు. నదిలో వదిలేస్తే మీటరు దాటుతుంది. పైగా అది గుంపులో తిరిగే చేప, బెదురెక్కువ. తలుపు గట్టిగా వేసినా ఉలిక్కిపడి అద్దానికేసి దూసుకుపోతుంది. చిన్న తొట్టిలో ఉన్న ఫంగస్ మూతి దాదాపు ఎప్పుడూ చెక్కుకుపోయి ఉండేది అందుకే.

‘పిరానా’ అని అమ్మేది కూడా చాలావరకు ఇలాంటిదే. పొట్ట కింద ఎర్రగా, గుండ్రంగా ఉండే ఆ చేప మన చెరువుల రూప్‌చంద్. దక్షిణ అమెరికా నుంచి వచ్చింది. అక్కడ నదిలో రాలిన కాయలు, గింజలు కొరికి తింటుంది. అదీ రెండడుగులు దాటి పెరగగల చేపే. ఆస్కార్ అడుగు వరకూ వస్తుంది, వెండి అరోవానా మూడడుగుల దాకా పోతుంది.

రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు ఉన్న తొట్టిలో లెక్క ప్రకారం పట్టేది 56 లీటర్లు. అడుగున పోసిన గులకరాళ్లు, పైన వదిలిన ఖాళీ తీసేస్తే 45 లీటర్లు మిగులుతాయి. అంటే రెండు బకెట్ల నీళ్లకు కాస్త ఎక్కువ. ఇంత కొద్ది నీళ్లలో అడుగు పొడవు చేప తిరగడానికే చోటుండదు, ఇక బతకడం మాట చెప్పేదేముంది.

ఈ మాట అంటే షాపువాళ్ల దగ్గర ఒక జవాబు సిద్ధంగా ఉంటుంది. ‘మేడమ్, చేప తొట్టిని బట్టే పెరుగుతుంది. చిన్న తొట్టిలో పెడితే చిన్నగానే ఉండిపోతుంది’ అంటారు. చదువుకున్నవాళ్లు కూడా ఈ మాట నమ్ముతున్నారు. చిన్న తొట్టిలో ఎదుగుదల తగ్గే మాట నిజమే. నీళ్లలో వ్యర్థాలు పేరుకుని, తగినంత ఈదే చోటు లేక, ఆరోగ్యం చెడి అలా గిడసబారుతుంది. వెన్ను వంకర పోతుంది, కళ్లు మాత్రం పెద్దవై శరీరం చిన్నగా ఉండిపోతుంది, పదేళ్లు బతకాల్సిన చేప రెండేళ్లకే పోతుంది. దాన్ని సర్దుకుపోవడం అనకండి.

ఇంకో చేప గురించి చెప్పకపోతే ఈ ఉత్తరం రాసిన ప్రయోజనమే ఉండదు. ‘ట్యాంక్ క్లీనర్’ అని అమ్మే సక్కర్ చేప. రెండంగుళాల పిల్ల అద్దానికి నోటితో అతుక్కుని పాకుడు గీకుతుంటే చూడముచ్చటగానే ఉంటుంది. అది అడుగున్నర దాకా పెరుగుతుంది. పెరిగాక పాకుడు చాలదు, తొట్టంతా దాని మలమే. అప్పుడేం చేస్తారు? చంపడానికి చేతులు రావు, పెంచడానికి చోటు లేదు. కాలవలో వదిలేస్తారు, పుణ్యం చేశామనుకుంటారు.

ఆ తర్వాత జరిగేది మా విద్యార్థులు చెప్తుంటే వింటాను. సగం మంది చేపల రైతుల పిల్లలే. వలలో ఈ సక్కర్ పడిందంటే ఆ రోజు వల చిరిగినట్టే. ఒంటినిండా ఎముక పలకలు, రెక్కల ముందు గట్టి ముళ్లు ఉంటాయి. చిక్కు తీయాలంటే వల కోయాలి. గట్ల పక్కన బొరియలు తవ్వి గుడ్లు పెడుతుంది, దాంతో గట్టు వదులవుతుంది. పొట్టతో గాలి పీల్చుకోగలదు కాబట్టి ఒడ్డున పారేసినా గంటల తరబడి చావదు. దీన్నే పత్రికలు డెవిల్ ఫిష్ అని రాస్తున్నాయి. మేత తింటుంది, మార్కెట్లో కొనేవాడు ఉండడు. హైదరాబాద్‌లోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ సి.సి.ఎం.బి. శాస్త్రవేత్తలు నీటి నమూనాల్లో కలిసి ఉండే డి.ఎన్.ఏ. ఆధారంగా ఈ చేప ఎక్కడెక్కడ ఉందో కనిపెట్టే పద్ధతి తయారు చేసి, తూర్పు కనుమల నీటి వనరుల్లో చాలాచోట్ల ఇది చేరిపోయిందని చూపించారు. దక్షిణ అమెరికా చేప మన కొండవాగుల దాకా దానంతట అది ఈదుకుంటూ రాలేదు, మన తొట్లలోంచే వెళ్లింది. పాకుడుకి మందు ఒకటే: లైటు రోజుకు ఏడెనిమిది గంటలకు మించి వెయ్యకండి, తొట్టిని ఎండ పడే కిటికీ దగ్గర పెట్టకండి. మిగిలింది స్పాంజితో తుడిస్తే పోతుంది.

మరి వెరైటీ వద్దా అంటే, కావాలి. నేనూ వెరైటీ కోరేదాన్నే. చిన్న తొట్టిలో వింత అంటే చేప సైజులోనో ధరలోనో ఉండేది కాదు, అది చేసే పనుల్లో ఉండేది. గూడు కట్టే చేప, గుడ్లు మోసే చేప, ఒంట్లో ఎముకలు కనిపించే చేప, నత్తను వేటాడే చేప. ఇవన్నీ మూడంగుళాల లోపు చేపలే. అందులో కొన్ని మన పొలం బోదెల్లో, మురుగు కాలవల్లో తిరుగుతున్నాయి. ‘పరిగెలు’ అని ఒకే మాటతో తీసిపారేస్తాం గానీ వాటిలో అన్నీ పరిగెలు కావు.

నాకు అన్నిటికన్నా ఇష్టమైనది ఓరిజియాస్. మన తూర్పు తీరం డెల్టాల్లో, మంచినీరూ ఉప్పునీరూ కలిసే చోట్ల గుంపులుగా ఉంటుంది. అంగుళం, అంగుళంపావు. బకెట్లో పైనుంచి చూస్తే ఏమీ కనబడదు, నీటిరంగులో కలిసిపోతుంది. తొట్టిలో పెట్టి పక్కనుంచి చూడాలి. ఒళ్లంతా గాజులా పారదర్శకం, కంటి చుట్టూ మాత్రం నీలం కలిసిన వెండి మెరుపు. అసలు విశేషం తెల్లవారాక లైటు వేసిన కాసేపటికి మొదలవుతుంది. ఆడచేప గుడ్లు పెట్టి వదిలేయదు. సన్నటి దారాల్లాంటి పోగులతో ఆ గుడ్లు దాని పొట్ట కింద ద్రాక్షగుత్తిలా వేలాడుతుంటాయి. ఆ గుత్తితోనే గంటల తరబడి తిరుగుతుంది, మేత తింటుంది, మగచేప వెంటపడితే తప్పించుకుంటుంది. మధ్యాహ్నానికి నాచు మొక్కల్లోకి దూరి ఒళ్లు రాసుకుంటే గుడ్లు ఆకులకు అంటుకుంటాయి. ఆ ఆకు తుంచి గాజు గిన్నెలో వేసి భూతద్దంతో చూపిస్తే, మూడు నాలుగు రోజుల తర్వాత గుడ్డులో రెండు నల్లటి కళ్లు కనిపిస్తాయి, వాటి కింద గుండె కొట్టుకోవడం కనిపిస్తుంది. పది రోజులు అటూఇటుగా పిల్ల బయటికి వస్తుంది. పాఠ్యపుస్తకంలో పిండాభివృద్ధి అధ్యాయం బట్టీ పట్టే పిల్లలు ఆ గిన్నె చుట్టూ చేరి కదలకుండా నిలబడతారు. బెల్లు కొట్టినా పోరు.

దీని దగ్గరి బంధువు జపాన్ వరిమళ్లలో ఉంది, మెడాకా అంటారు. 1994లో కొలంబియా అంతరిక్ష నౌకలో నాలుగు మెడాకాలను తీసుకెళ్లారు. అవి అక్కడే జతకట్టి గుడ్లు పెట్టాయి, పిల్లలు కూడా పుట్టాయి. అంతరిక్షంలో జతకట్టిన మొట్టమొదటి వెన్నెముక జంతువులు అవే. జపాన్‌లో ఆ చేప మీద పెద్ద పెద్ద పరిశోధనలు జరిగాయి, ఇళ్లలో పెంచుకునేందుకు రకరకాల రంగుల్లో అభివృద్ధి చేశారు. దాని అక్కచెల్లెళ్లు మన ఇంటి వెనక కాలవలో ఉన్నాయన్న సంగతి మన పిల్లలకు తెలియదు.

ఓరిజియాస్ మా ఊరికి మరో రకంగా కూడా సరిపోతుంది. భీమవరం చుట్టుపక్కల బోరు నీళ్లు ఉప్పన. ఎండాకాలం కాలవలు కట్టేశాక మునిసిపాలిటీ నీళ్లూ చెరువులో నిలవ ఉంచినవే వస్తాయి. అమెజాన్ అడవుల మెత్తటి నీళ్లలో పుట్టిన నియాన్ టెట్రాను తెచ్చి ఈ నీళ్లలో వేస్తే ఎన్నాళ్లు ఉంటుంది? మే నెలలో నీళ్లు 32, 33 డిగ్రీలకు వస్తాయి, గోల్డ్ ఫిష్‌కు అది నరకం. అది చల్లటి నీళ్ల చేప. వేడి పెరిగేకొద్దీ నీళ్లలో కరిగే ఆక్సిజన్ తగ్గుతుంది: 20 డిగ్రీల దగ్గర లీటరుకు 9 మిల్లీగ్రాములు పట్టే నీళ్లు 30 డిగ్రీల దగ్గర ఏడున్నరకు పడిపోతాయి. నీళ్లలోకి గాలి ఎక్కించే ఏరేటర్ లేని చెరువుల్లో తెల్లవారుజామున చేప పైకి తేలి నోళ్లు తెరవడం ఎందుకో తెలిసిన రైతులకు ఇది ప్రత్యేకంగా చెప్పక్కర్లేదు. తొట్టిలోనూ అదే జరుగుతుంది. ఓరిజియాస్ ఈ ఉప్పులో, ఈ ఎండలో పుట్టిన చేప కాబట్టి దానికి ఆ టెన్షన్ లేదు.

రెండోది పంచాక్స్. వరిచేల బోదెల్లో నీటిపైనే తిరుగుతూ ఉంటుంది. పైనుంచి చూస్తే నడినెత్తిన వెండిచుక్క మెరుస్తుంది. ఆ చుక్కను బట్టి ఎవరైనా గుర్తుపట్టొచ్చు. రెండున్నర అంగుళాల దాకా వస్తుంది, నోరు పైకి తిరిగి ఉంటుంది. దోమపిల్లలు దానికి పరమాన్నం. బోదెగట్టు మీద ఓపిగ్గా కూర్చుని చూస్తే అది వేటాడే తీరు తెలుస్తుంది: కదలదు, రెక్కలు మాత్రం సన్నగా ఆడుతుంటాయి, పురుగు నీళ్ల మీద వాలగానే ఒక్క ఉదుటున లాగేస్తుంది. తొట్టికి మూత తప్పనిసరి, లేకపోతే పొద్దున్నకి నేలమీద ఉంటుంది. ఓరిజియాస్‌తో కలిపి పెంచవద్దు, పిల్లలు ఒక్కటి కూడా మిగలవు. దోమల కోసం మలేరియా విభాగం వాళ్లు కాలవల్లో వదిలే గంబూసియాను చాలామంది గప్పీ అనుకుని ఇంటికి తెచ్చుకుంటారు. అది ఉత్తర అమెరికా చేప, 1928లో మన దేశానికి తెచ్చారు. చిన్న తొట్టిలో వేస్తే పక్క చేపల రెక్కలు కొరికి పీలికలు చేస్తుంది. దోమల పని పంచాక్స్ కూడా చేస్తుంది. అది ఎప్పటినుంచో మన నీళ్లలో ఉన్నదే.

మూడోది గాజు చేప, శాస్త్రీయ నామం పరంబాసిస్ రంగా. దీన్ని వెలుగుకి ఎదురుగా పెట్టి చూడాలి. వెన్నుపూసలు లెక్కపెట్టొచ్చు, ఒక్కొక్క ముల్లూ కనిపిస్తుంది, మధ్యలో గాలితిత్తి వెండి బుడగలా ఉంటుంది. మాంసం ఉందా లేదా అనిపిస్తుంది. ఐదారు కలిపి ఉంచితేనే ధైర్యంగా బయట తిరుగుతుంది, ఒంటరిగా ఉంచితే మూల చేరి మేత మానేస్తుంది. ఈ చేప మీద జరిగిన దుర్మార్గం ఒకటి చెప్పాలి. దీని ఒళ్లు పారదర్శకం కాబట్టి సూదితో రంగు ఎక్కించి, ఆకుపచ్చ, గులాబీ, నారింజ చారలతో ‘డిస్కో చేప’ అని అమ్మారు. రంగు కొన్ని నెలల్లో వెలిసిపోతుంది. సూది పోట్లు పడిన చేపకు రోగాలు వస్తాయి, చాలావరకు అంతదాకా బతకనే బతకదు. కొన్ని దేశాల్లో అభిమానులే షాపుల ముందు పట్టుబట్టి ఈ అమ్మకాలు బాగా తగ్గించారు. ఎక్కడ కనబడ్డా కొనకండి, కొనమని అడిగే పిల్లలకు కారణం చెప్పండి. ఇప్పుడు దొరుకుతున్న ‘గ్లో’ టెట్రాల సంగతి వేరు, వాటికి రంగు సూదితో రాదు, జన్యువు చేర్చడం వల్ల వస్తుంది. అయినా రంగు కోసమే చేప కొనాలనుకుంటే అంతకన్నా మంచివి ఉన్నాయి.

ఉదాహరణకు స్కార్లెట్ బాడిస్. ఇది మన ప్రాంతపు చేప కాదు గానీ మన దేశపు చేపే. ఉత్తర బెంగాల్, బ్రహ్మపుత్ర పరివాహకంలోని వాగుల్లో ఉంటుంది. మగచేప బొటనవేలి గోరంత, ఎర్రటి ఒంటి మీద లేత నీలం నిలువు చారలు. అది ఒక్క ఆకు కింద రాజ్యం ఏలుతుంది, ఇంకో మగచేపను దగ్గరికి రానివ్వదు. ఫ్రాన్సిస్ హామిల్టన్ అనే స్కాట్లాండ్ వైద్యుడు గంగానది చేపల మీద 1822లో ప్రచురించిన గ్రంథంలో దీన్ని వర్ణించాడు. ఈరోజు ప్రపంచమంతా ప్రయోగశాలల్లో వాడే జీబ్రా చేప, నేను పైన చెప్పిన గాజు చేప, తేనెరంగు గురామి కూడా ఆ పుస్తకంలోవే. జీబ్రా చేప జన్యుపటం 2013లో ప్రచురించినప్పుడు మనిషి జన్యువుల్లో 70 శాతానికి దానిలో జోడీలు ఉన్నాయని తేలింది. షాపులో అన్నిటికన్నా చవగ్గా దొరికే చేప అది. పది కలిపి తెచ్చి రెండడుగుల తొట్టిలో వేస్తే రోజంతా ఆ చారలు పరుగులు తీస్తూనే ఉంటాయి. చవక కాబట్టి ఎవరికీ ఆనదు.

బాడిస్ కొనేవాళ్లు ఒకటి తెలుసుకోవాలి. అది షాపులో అమ్మే గుళికల మేత ముట్టదు, కదిలే మేతే తింటుంది. కేరళ నదుల్లోని మరుగుజ్జు పఫర్ చేప కూడా అంతే. అంగుళం పైచిలుకు ఉండే ఆ పఫర్ రెండు కళ్లనూ వేర్వేరు వైపులకు తిప్పుతుంది, తల ఒంచి మనల్ని పరీక్షగా చూస్తుంది. నత్త తల బయట పెట్టేదాకా కాచుకుని ఒక్క కొరుకు కొరుకుతుంది. చూస్తే ఎవరికైనా ప్రేమ పుడుతుంది. కానీ గప్పీల తోకలు మిగలనివ్వదు కాబట్టి దాన్ని విడిగానే పెంచాలి. అమ్మకానికి వచ్చేవి ఎక్కువగా నదిలో పట్టినవే. ముప్పు పొంచి ఉన్న జాతుల జాబితాలో అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంస్థ దాన్ని చేర్చింది. తొట్టిలో పుట్టిన పిల్లలు దొరికితే తెచ్చుకోండి, లేదంటే ఆగండి. మేత పెట్టలేనివాళ్లు అసలు తేవద్దు.

కదిలే మేత విషయంలో మాత్రం మన కోస్తావాళ్లంత అదృష్టవంతులు లేరు. రొయ్య హేచరీలకు అమ్మే ఆర్టీమియా (ఉప్పునీళ్లలో పెరిగే, రొయ్యలాంటి సన్నటి జీవి) గుడ్ల డబ్బాలు మన ఆక్వా షాపుల్లో దొరుకుతాయి. లీటరు నీళ్లలో 25 నుంచి 30 గ్రాముల కల్లుప్పు కలిపి, చిటికెడు ఆర్టీమియా గుడ్లు వేసి, గాలి గొట్టం పెట్టి ఉంచితే ఒక రోజులో నారింజరంగు పిల్లలు పొదుగుతాయి. గాలి ఆపి ఓ పక్క లైటు పెడితే అన్నీ అటే చేరతాయి. సన్నటి గుడ్డలో వడగట్టి, మంచినీళ్లతో కడిగి వెయ్యాలి. మిగిలిన డబ్బా గట్టిగా మూతపెట్టి ఫ్రిజ్‌లో ఉంచితే చాలా రోజులు వస్తుంది. మురుగుకాలవల్లోంచి తెచ్చి అమ్మే ట్యూబిఫెక్స్ పురుగులు మాత్రం వద్దు, రోగాలు వాటితోనే వస్తాయి.

మన చేపలైతే ఏవైనా పర్లేదా అని అడుగుతారేమో. కాదు. తల్లి వెంట ఎర్రటి దండులా తిరిగే కొరమీను పిల్లలను చూసి ముచ్చటపడి పట్టుకొచ్చేవాళ్లు ఉంటారు. తెలంగాణ రాష్ట్ర చేప అది, రెండడుగులు దాటుతుంది, పెద్దదయ్యాక తొట్టిలో మరో ప్రాణిని ఉంచదు. జెల్లలు పగలు బుద్ధిమంతుల్లా రాళ్లకింద ఉండి రాత్రి చిన్న చేపలను మింగేస్తాయి. బొమ్మిడాయి చూడటానికి బాగుంటుంది, ఇసుకలో దూరి మూతి మాత్రం బయటపెడుతుంది. కానీ చిన్న తొట్టికి అది పెద్ద చేప, మూతలో చిటికెన వేలు పట్టే సందున్నా బయటికి వచ్చేస్తుంది.

గూడు కట్టే చేప కావాలంటే గురామి జాతివి ఉన్నాయి. దక్షిణాది తీర మైదానాల్లో ఉండే సూడోస్ఫ్రోమెనస్ రెండంగుళాలకు కాస్త ఎక్కువ. 1831లో పుదుచ్చేరి పక్కన అరియాంకుప్పం నీళ్లలో దొరికిన చేపను బట్టి దీన్ని వర్ణించారు. మగచేప నోటితో గాలి బుడగలు చేసి ఆకు కింద అతికిస్తుంది, రాలిపడిన గుడ్లను నోట్లో పట్టి తిరిగి బుడగల్లోకి చేరుస్తుంది. తిండి కూడా పక్కనపెట్టి కాపలా కాస్తుంది. ఈ జాతికి నీటిపైనున్న గాలిని పీల్చుకునే అవయవం ఉంది కాబట్టి కరెంటు పోయి ఏరేటర్ ఆగినా ప్రమాదం లేదు. మన పల్లెటూళ్ల కరెంటుకు ఇంతకన్నా కావాల్సిందేముంది.

బోదెలో పట్టి తెచ్చుకునేవాళ్లకు కొన్ని జాగ్రత్తలు. పిల్లలను ఒంటరిగా కాలవ దగ్గరికి పంపవద్దు. దోమతెర గుడ్డతో చేసిన వల చాలు. వరిచేలకు మందు కొట్టిన వారం రోజులూ ఆ బోదె జోలికి పోవద్దు. తెచ్చిన చేపను తొట్టిలో వెంటనే కలపకుండా రెండు వారాలు విడి బకెట్లో ఉంచి తెల్లమచ్చలు, పుండ్లు ఉన్నాయేమో చూడండి. కావాల్సినన్నే పట్టుకోండి. తొట్టిలో ఉంచిన చేపను, అది మన చేపే అయినా, తిరిగి కాలవలో వదలొద్దు, షాపు చేపల రోగాలు దాంతో వెళ్తాయి. వద్దనుకుంటే పెంచే మరొకరికి ఇవ్వండి. చేపలు వేసేముందు కొత్త తొట్టిలో ఫిల్టరు నడిపి, రోజూ చిటికెడు మేత వేసి ఐదారు వారాలు ఆగడం మరచిపోవద్దు. చేప విసర్జించే అమోనియాను తక్కువ ప్రమాదమున్న నైట్రేటుగా మార్చే బ్యాక్టీరియా ఫిల్టరులో పెరగడానికి అంత సమయం పడుతుంది. ‘తెచ్చిన వారానికే చచ్చిపోయింది, మాకు చేప అచ్చిరాదు’ అనే ఇళ్లలో చాలావరకు జరిగింది ఇదే.

చివరగా నేను అడిగేవి రెండు. ఒకటి షాపుల వాళ్లను. తొట్టి మీద ధర రాసిన కాగితం పక్కనే ఆ చేప ఎంత పెద్దదవుతుందో, ఏం తింటుందో, ఎన్ని లీటర్లు కావాలో మూడు ముక్కలు తెలుగులో రాసి అంటించండి. చెన్నై కొళత్తూరు నుంచి, కోల్‌కతా నుంచి పెట్టెలు వచ్చినప్పుడే ఈ వివరాలు సరఫరాదారును అడిగి రాసుకోవచ్చు, దానికి ఖర్చు లేదు. ‘ఫంగస్, మీటరు పెరుగుతుంది’ అని రాసి ఉంటే ఏ తండ్రీ రెండడుగుల తొట్టికి కొనడు. మత్స్యశాఖ వారు కనీసం సక్కర్ విషయంలోనైనా ఈ కాగితం తప్పనిసరి చేయాలి.

రెండోది మత్స్య కళాశాలలను, నరసాపురంలో ఏర్పాటైన మత్స్య విశ్వవిద్యాలయాన్ని. ఓరిజియాస్, పంచాక్స్, గాజు చేప వంటి స్థానిక చిన్న చేపలను తొట్లలో పిల్లలు చేయించి, కాలవల్లో పట్టే పని లేకుండా షాపులకు అందేలా చేయండి. మా జిల్లాలో చేపపిల్లల పెంపకం తెలియని ఊరు లేదు, సీడ్ నర్సరీలు నడిపే కుటుంబాల్లో ఆడవాళ్లు ఇంటి దగ్గర నాలుగు సిమెంటు తొట్లతో ఈ పని చేసుకోగలరు. కోస్తాలో ఉప్పుబారిన బోరు నీళ్లే దీనికి పనికొస్తాయి.

మీ అనుబంధంలో మళ్లీ అక్వేరియం గురించి వేసేటప్పుడు ఆస్కార్ బదులు గుడ్లగుత్తి మోస్తున్న ఓరిజియాస్ ఫొటో ఒకటి వేయండి. మా విద్యార్థులు ఫోన్లతో తీసినవి బాగా వచ్చాయి, కావాలంటే పంపిస్తాను.

ఇట్లు,
జంతుశాస్త్ర అధ్యాపకురాలు,
భీమవరం, పశ్చిమ గోదావరి జిల్లా